తిరిగొచ్చిన వాటా

లాల్‌గడి మలక్‌పేట్,
జూన్ 13, శుక్రవారం, పొద్దున.

మేడ్చల్ ఆఫీసుల ఉద్యోగాలిచ్చే మేడం మాధవీలత గారికి, గౌరయ్య రెండు చేతులు జోడించి రాస్తున్నది.

ఇక్కడ నేను, నా భార్య ఐలమ్మ బాగనే ఉన్నం. నా కుడి భుజం ఒక్కటే బాగలేదు. అక్కడ మీరు, మీ ఏసీ మిషన్లు చల్లగున్నరనుకుంట.

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రాయకనే ఊకుందామనుకున్న. పెన్ను దొరకలే. పెన్ను దొరికినంక కాయితం దొరకలే. కాయితం దొరికినంక ఐలమ్మ, అంత పెద్ద ఆఫీసోళ్ళు నీ ఉత్తరం కోసమే ఎదురుచూస్తున్నరా అన్నది. ఆ మాటతోటి రాయబుద్ధయింది. నలభై రెండేండ్ల సంసారంల ఆమె వద్దన్నవి చేసుకుంటనే నేను ఇంత దూరం వచ్చిన.

మొన్న బుధవారం మీ దగ్గర జరిగిన దానికి థాంక్స్ చెప్పాలె. మీ ఆవరణల ఉన్న కుంటను చూసుకునే మనిషి కావాలంటే దరఖాస్తు పెట్టుకున్నోణ్ణి నేను. నా భుజం ఇగ వల విసరనిస్తలేదు. నీళ్ళ పక్కన ఉండి చేసే పని మా దిక్కు ఇదొక్కటే ఉన్నది. ఇది రాకపోతే నేను ఇంట్ల కూసోవాలె. నేను ఇంట్ల కూసుంటే తానెక్కడ కూసోవాల్నో ఐలమ్మకు తెలుస్తలేదు.

గేటు కాడ మీ గార్డు సిద్దిరాములు, ఉద్యోగానికి వచ్చినవా పెద్దాయనా అని అడిగిండు. అవునన్న. ఇరవై నాలుగు అని రాసున్న బిళ్ళ నా అంగీకి అతికిచ్చి లోపలికి పంపిండు. లోపల ఇరవై ముగ్గురు పిల్లలు మెడలకు టైలు కట్టుకొని కూసున్నరు. ఏసీల చెమటలు పట్టుడు నేను అప్పుడే చూసిన. ఒక్క కుంటకు గింతమంది పోటీనా అని దడ పుట్టింది. అందరి చేతులు చూసిన. ఒక్కరి అరచేతిల గూడ వలతాడు కోసిన గుర్తు లేదు. జర ధైర్యం వచ్చింది.

మొదలు కంప్యూటర్ పరీక్ష. నాలుగు బొమ్మలు చూపెట్టి ఐదోది ఏదో చెప్పమంటది. పక్కన కూసున్న అల్వాల్ పిల్ల అశ్రిత, ఆ బాణం గుర్తును ఎట్ల నడపాల్నో నేర్పింది. జవాబు మాత్రం చెప్పలే. మంచి పిల్ల. తర్వాత ఒక కాయితం ఇచ్చి, ఐదేండ్ల తర్వాత మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నరు అని అడిగిండ్రు. పిల్లలు అర్ధగంట రాసిండ్రు. నేను ‘లాల్‌గడి మలక్‌పేట్’ అని రాసి ఇచ్చేసిన.

ఇగ గోపురం ముచ్చట. ఆరుగురిని ఒక జట్టు చేసి, పాత పేపర్లిచ్చి, ఇరవై నిమిషాలల్ల ఎవరు ఎత్తుగ కడ్తరో చూస్తమన్నరు. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలె. నేను బడికి పోయింది మూడు నెలలు. చదువు నేర్చుకున్నది చాపలు చుట్టిచ్చే పాత పేపర్ల మీద. గిరాకీ లేనప్పుడు కూసొని చదివేటోణ్ణి. అందుకే దేశంల జరిగినవన్నీ నాకు సగం సగం తెలుసు. మిగిలిన సగం ఎవరింటికో చాపతోటి పోయింది. మీ పేపరు చేతికి రాంగనే అలవాటు కొద్ది చదువుడు మొదలువెట్టిన. పది నిమిషాలు అట్ల పోయినయి. తల ఎత్తి చూస్తే మా జట్టుల నిఖిల్ అనే కౌకూర్ పిలగాడు పేపర్లన్నీ తానే గుంజుకొని కడ్తున్నడు, మిగిలినోళ్ళు చేతులు కట్టుకొని చూస్తున్నరు. నేను ఆ పేపర్లు తీసుకొని ఆరు వాటాలేసి మనిషికొకటి ఇచ్చిన. టైం లేదంకుల్ అని నిఖిల్ మొత్తుకున్నడు. వాటా పంచకుండ పని మొదలువెట్టుడు మా దగ్గర లేదని చెప్పిన. అన్నిట్ల మా గోపురమే పొట్టిది. కాని పడిపోలే. మిగిలిన మూడు పడిపోయినయి.

ఆఖరుకు పెద్దసారు వీరేందర్ గారు, ఏదన్న ఒక సమస్య మీరే చెప్పి, దానికి దారి గూడ మీరే చెప్పుండ్రి అన్నరు. మీ కుంట సంగతే చెప్పిన. పొద్దుగాల్ల చాపలు మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయంటే ఆకలై కాదు, కింద ఊపిరాడక. అప్పుడు మేత ఎక్కువేస్తే ఇంకా చస్తయి. ముందుగాల నీళ్ళు కదిలియ్యాలె. సారు ఆ మాట రాసుకున్నడు. పక్కన ఇద్దరు గూడ రాసుకున్నరు. నా మాట విని ఒకరు రాసుకునుడు మా ఇంట్ల ఎప్పుడూ జరగలే.

మీ అందరికి నా దండాలు.

మీ ఇరవై నాలుగో నంబరు,
గౌరయ్య.

తా.క.: పొద్దున మా సొసైటీ వల లాగినం. ఈ ఉత్తరంతోటి గంప ఒకటి గేటు కాడ పెడుతున్న. మీకు, సిద్దిరాములుకు, ప్రశ్నలడిగిన ముగ్గురికి, అన్నం వడ్డించిన ఇద్దరికి, మొత్తం ఏడు వాటాలు. పేపర్ల చుట్టి పేర్లు రాసిన. చాప తీసినంక పేపరు పారేయకుండ్రి, మీ దాంట్ల మంచి కథ ఉన్నది. సగమే ఉన్నది.

*

మేడ్చల్,
జూన్ 13, మధ్యాహ్నం.

అభ్యర్థి సంఖ్య 24, గౌరయ్య గారికి,

నమస్తే. మా అసెస్‌మెంట్ డేలో పాల్గొని మీ విలువైన సమయాన్ని కేటాయించినందుకు ధన్యవాదాలు. మేనేజ్‌మెంట్ ట్రెయినీ ఉద్యోగానికి మీ పేరు పరిశీలనలో ఉంది. ఫలితం త్వరలో తెలియజేస్తాం. మీ ఈమెయిల్ మా దగ్గర లేనందున మీ ఉత్తరం మీది అడ్రసుకు ఇది పంపుతున్నాను.

అభ్యర్థుల నుంచి ఎలాంటి కానుకలూ తీసుకోకూడదన్నది మా కంపెనీ నియమం. అందువల్ల మీ గంపను తెరవకుండా కంపెనీ వ్యానులో తిప్పి పంపుతున్నాం. దీన్ని వ్యక్తిగతంగా తీసుకోవద్దని మనవి.

ఇట్లు,
మాధవీలత,
మానవ వనరుల విభాగం.

తా.క.: తెరవకుండా అని నియమం ప్రకారం రాశాను. కథ ఒక్కటి చదివి మళ్ళీ చుట్టాను. ఆ బావిలో పడ్డ ఎద్దు బయటికొచ్చిందా లేదా మీకేమైనా తెలుసా?

*

లాల్‌గడి మలక్‌పేట్,
జూన్ 20, శుక్రవారం.

మాధవీలత మేడం గారికి, తప్పు చేసిన గౌరయ్య తల వంచుకొని రాస్తున్నది.

మేం బాగనే ఉన్నం, కాని మా గల్లీ బాగలేదు. మీ వ్యాను నాలుగు గంటలకు వచ్చింది. అంత పెద్ద వ్యాను మా గల్లీల తిరగదు. వెనక్కి పోవాలంటే హారన్ కొట్టాలె. హారన్ కొడితే జనం రావాలె. అట్ల అందరు వచ్చినంక మీ డ్రైవర్ గంప దించి నా చేతిల పెట్టి, సంతకం చేయమన్నడు.

మీకు మా పద్ధతి తెల్వదు గనక చెప్తున్న. మా చాపల పనిల, వల ఒడ్డుకు వచ్చేటప్పుడు గట్టు మీద ఎవరు నిలబడితే వాళ్ళకు వాటా. తాడు పట్టినా పట్టకపోయినా సరే. ఆ వాటా తిరిగొచ్చిందంటే దానికి ఒకటే అర్థం. తక్కువేసినవు, లేకపోతే ఎవరినో మరిచినవు, మళ్ళ లెక్కపెట్టుకో అని. ఇంకో అర్థం మా తాతల నాటి సంది లేదు. మా సొసైటీ అధ్యక్షుడు బాలమల్లు అందరి ముందట, “కంపెనోళ్ళు వ్యానేసుకొని వచ్చి తిప్పి ఇచ్చిండ్రంటే ఎంత తక్కువేసినవ్ గౌరన్నా?” అన్నడు. ఐలమ్మ ఏమన్నదో ఉత్తరంల రాసేటట్టు లేదు.

మీరు మర్యాదస్థులు గనక తప్పు నా మీద పెట్టకుండ ఏదో నియమం అని రాసిండ్రు. నేను రాత్రికాడ పండుకోని ఆలోచించిన. నిజమే, మస్తుమందిని మరిచిన. నేల తుడిచిన అమ్మ, ముందట బల్ల కాడ కూసుండే పిల్ల, ఏసీ చల్లగైతాందని నేనంటే తగ్గించిన మనిషి, లిఫ్టుల నన్ను పై దాక తోలుకపోయి మళ్ళ కిందికి తెచ్చిన ఇద్దరు, చాయ్ ఇచ్చినాయన, మీ డ్రైవరు, ఆయనతోటి వచ్చిన ఇంకొకాయన. ఎనిమిదిమంది. ఏడు, ఎనిమిది పదిహేను. ఈసారి పదిహేను వాటాలు, చాపలు గూడ పెద్దయి. ఇగ పరేషాన్ లేదు.

కుంట పనికి మీరు మేనేజ్‌మెంట్ ట్రెయినీ అని పెద్ద పేరు పెట్టినందుకు గూడ సంతోషం. ఐలమ్మ నాతోటి మూడుసార్లు చెప్పిచ్చుకున్నది. మూడుసార్లు చెప్పినంక, అందుల నీళ్ళు అనే మాట ఎక్కడున్నది అని అడిగింది. ఆమెకు ఇంగ్లీష్ రాదు.

మీ గౌరయ్య.

తా.క.: బొచ్చె చాప తలకాయ విడిగ చుట్టిన. అది వీరేందర్ సారుది. తలకాయ పెద్దమనిషికి పోవాలె. ఆయన తినకపోతే మీరు తినుండ్రి, కాని ఆయనకు చూపెట్టి తినుండ్రి.

రెండో తా.క.: ఎద్దు సంగతి బాలమల్లు ఇంట్ల అడిగిన. ఆ పేపరు మిగిలిన సగం అక్కడికే పోయింది. బయటికొచ్చిందట.

*

మేడ్చల్,
జూన్ 24.

గౌరయ్య గారికి,

నమస్తే. ఈ ఉత్తరం రాయడం నాకు ఇష్టం లేదు. రాయక తప్పడం లేదు.

మీ రెండో గంప వచ్చిన గంటకే మా పెద్ద కస్టమర్లు వచ్చారు. గంప రిసెప్షన్ బల్ల మీద ఉంది. వాళ్ళలో ఒకాయన అది ఈ ప్రాంతపు స్వాగత పద్ధతి అనుకుని దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు. ఆ ఫోటో పైదాకా వెళ్ళింది. ఒకసారి తిప్పి పంపినా అభ్యర్థి రెట్టింపు కానుక పంపాడని ఇప్పుడు విచారణ కమిటీ వేశారు. విచారణ పూర్తయ్యేవరకు మీ ఫలితం ఆపేశారు. కమిటీ ఒప్పుకోకపోతే మా కంపెనీలో ఏ ఉద్యోగానికీ మీ పేరు మళ్ళీ తీసుకోరు.

ఇది మీరు అర్థం చేసుకోవాలి. వాటా తక్కువ కాలేదు. ఎవరినీ మరిచిపోలేదు. దయచేసి ఇంకొకటి పంపకండి. దీనితో ఒక ఫారం పెడుతున్నాను. అందులో ఒకటే ప్రశ్న ముఖ్యం. ఆ చేపలు దేనికోసం పంపారు? మీ మాటల్లో, మీ చేతిరాతలో రాయండి. నిజం రాయండి. అదే కమిటీ ముందు పెడతాను.

ఇట్లు,
మాధవీలత.

తా.క.: సాక్ష్యం కింద చేపలను క్యాంటీన్ ఫ్రీజర్‌లో పెట్టి సీలు వేయమన్నారు. లెక్కపెడితే పదిహేనుకు తొమ్మిదే ఉన్నాయి. మిగతా ఆరు ఏమయ్యాయో తనకు తెలియదని సిద్దిరాములు రాసిచ్చాడు. తలకాయ కూడా కనబడడం లేదు. దాని గురించి వీరేందర్ గారిని అడిగే అధికారం నాకు లేదు.

*

లాల్‌గడి మలక్‌పేట్,
జూన్ 27.

కమిటీ పెద్దలకు, మాధవీలత మేడం చేతుల మీదుగ, గౌరయ్య తన చేతితోటి రాసిచ్చేది.

మీరందరు బాగుండాలె. నా సంగతి మీ చేతుల ఉన్నది గనక అడగొద్దు.

ఫారంల జవాబు కోసం రెండు గీతలే ఇచ్చిండ్రు. నా జవాబు అందుల పట్టలే. అందుకే ఇక్కడ రాస్తున్న.

నేను పద్దెనిమిదేండ్లప్పుడు వల పట్టిన. ఇప్పుడు నాకు అరవై మూడు. ఈ నడుమ నేను శానామందితోటి మాట్లాడిన. చాపలు కొనేటోళ్ళు ధర అడుగుతరు. అధికారులు పేరు, తండ్రి పేరు అడుగుతరు. డాక్టరు నొప్పెక్కడ అని అడిగి, నేను చెప్పేలోపల చీటీ రాస్తడు. పదకొండో తారీకు బుధవారం అన్నీ అయిపోయినంక ఈ మేడం నన్ను కుర్చీల కూసోవెట్టి, మంచినీళ్ళిచ్చి, “నీళ్ళు బాగలేవని మీకు ముందుగా ఎలా తెలుస్తుంది?” అని అడిగింది. నేను చెప్పుడు మొదలువెట్టిన. వాసన సంగతి చెప్పిన, కొంగలు ఏ ఒడ్డుకు వాల్తయో చెప్పిన, నాచు కాలికి ఎట్ల తగుల్తదో చెప్పిన. నడుమ మా మేనమామ ముచ్చట గూడ వచ్చింది, అది దీనికి సంబంధం లేదు. ఆమె గడియారం చూడలే. ఫోను మోగితే బోర్ల పెట్టింది. నలభై ఐదేండ్ల పని సంగతి మొత్తం చెప్పిన. అయిపోయినంక, ఇంకేమైనా ఉందా అని అడిగింది. నాకు ఇంకేం లేదు. మొదటిసారి నా దగ్గర చెప్పేటందుకు ఇంకేం మిగలలే.

బస్సుల ఇంటికి వస్తాంటే మనసు తేలికగున్నది. ఆ రోజు మీరందరు నా గట్టు మీద నిలబడ్డరనిపించింది. గట్టు మీద నిలబడ్డోళ్ళకు వాటా ఇయ్యాలె. అందుకే ఇచ్చిన. ఉద్యోగం కోసం ఇయ్యాల్నంటే ముందుగాల్నే ఇద్దును, అయిపోయినంక ఎందుకిస్త?

చాపల వల్ల ఉద్యోగం పోతదంటే పోనీండ్రి. ఆ కుంట మీద నాకు మస్తు ఆశ ఉన్నది, లేదని అబద్ధం చెప్పను. కాని ఒక్కటే అడుగుతున్న. వాటా మాత్రం రెండోసారి తిప్పకుండ్రి. రెండుసార్లు వాటా తిరిగొచ్చినోణ్ణి మా సొసైటీల వలకు పిలువరు. అప్పుడు నాకు ఆ నీళ్ళు గూడ ఉండయి, ఈ నీళ్ళు గూడ ఉండయి.

ఇంతే నిజం.

గౌరయ్య (సంతకం), ఐలమ్మ (వేలిముద్ర, సాక్షి).

తా.క.: సాక్షి వేలిముద్ర వేసే ముందు ఉత్తరం మొత్తం చదివిచ్చుకున్నది. మేనమామ ముచ్చట కొట్టేయమన్నది. కొట్టేయలే.

*

మేడ్చల్,
జులై 3.

గౌరయ్య తాతకు,

నమస్తే. ఐలమ్మ అమ్మమ్మకు కూడా.

మీ ఉత్తరం కమిటీ ముందు నేనే చదివాను. చదివాక వాళ్ళు మీ ఫైలు మొత్తం తెప్పించమన్నారు. వెతికితే ట్రెయినీల దరఖాస్తుల్లో మీ పేరు లేదు. కుంట పని ఫైల్లో ఉంది. తాతా, మీ ఇంటర్వ్యూ పదకొండున కాదు. పన్నెండున. ఆ రోజు కుంట ఒడ్డున బల్ల, కుర్చీలు వేసి నేనే సాయంత్రం ఐదింటిదాకా కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. మీరు పదకొండున వచ్చి, డిగ్రీ పిల్లలకు పెట్టిన పరీక్ష రోజంతా రాసి వెళ్ళారు.

మిమ్మల్ని చూసి మాకెవరికీ అనుమానం ఎందుకు రాలేదని కమిటీ అడిగింది. వయసు చూసి ఎవరినీ తక్కువ చేయకూడదని ముందురోజే మా అందరికీ క్లాసు చెప్పారు. అందుకని, మీ ఉత్తరాల్లో కుంట అని చదివాక కూడా, ఎవరికి వారు అడగకుండా ఊరుకున్నాం. ఇంకొక సంగతి. ఇరవై నాలుగు మందిలో మీరు మూడో స్థానంలో ఉన్నారు. మీరు చెప్పిన చేపల ఊపిరి ముచ్చట మా ఉద్యోగుల గురించి అనుకున్నారు వీరేందర్ గారు. ఆ వారమే పొద్దున మీటింగులన్నీ తీసేశారు. ఆఫీసులో అందరూ మీకు దండం పెట్టుకుంటున్నారు. కానీ ఆ ఉద్యోగానికి డిగ్రీ పాసై రెండేళ్ళు దాటకూడదు. కాబట్టి అది మీకు రాదు.

ఇక విచారణ తీర్పు. మీరు ట్రెయినీ అభ్యర్థి ఎప్పుడూ కారు. కుంట పని దరఖాస్తు, పన్నెండు సాయంత్రం మీరు రాకపోవడంతో దానంతట అదే రద్దయింది. అంటే పదమూడున, ఇరవైన మీరు మా కంపెనీలో ఏ ఉద్యోగానికీ అభ్యర్థి కారు. దారిన పోయే మనిషి. దారిన పోయే మనిషి చేపలిస్తే తీసుకోకూడదని మా నియమాల్లో ఎక్కడా లేదు. విచారణ మూసేశారు. వాటా తిరిగి రాదు.

కుంట పని ఇంకా ఖాళీగానే ఉంది. కొత్త దరఖాస్తు ఫారం పెడుతున్నాను. జులై 8, మంగళవారం, పొద్దున తొమ్మిదింటికి. ఈసారి దయచేసి ఆ రోజే రండి. సోమవారం ఏదో ఆడిట్ పరీక్ష ఉంది, అందులో కూర్చుంటే నేనేమీ చేయలేను.

మీ మాధవీలత.

తా.క.: మంగళవారం దాకా ఏమీ పంపకండి, మీరు మళ్ళీ అభ్యర్థి అవుతారు. తర్వాత ఉద్యోగి అయితే టిఫిన్ డబ్బా తెచ్చుకోవచ్చు. డబ్బా ఎంత పెద్దదుండాలో నియమం లేదు.

రెండో తా.క.: విచారణ మూసిన సాయంత్రమే సీలు తీసి సాక్ష్యం పంచుకున్నాం. నాకు రవ్వ చేప వచ్చింది. మా అమ్మ వండింది. మీకు చెప్పమంది.

*

లాల్‌గడి మలక్‌పేట్,
జులై 10.

బిడ్డ మాధవీలతకు, గౌరయ్య దీవించి రాస్తున్నది.

మేమిద్దరం బాగున్నం. భుజం గూడ ఈ వారం ఊకున్నది.

పదకొండున ఎందుకొచ్చిన అని నువ్వు అడగలేదు గాని చెప్పాలె. మా దగ్గర రేపు వల వేస్తమంటే ఇయ్యాల పోయి నీళ్ళు చూసి వస్తరు. చూడకుండ వల వేసేటోణ్ణి ఎవరు జట్టుల కలుపుకోరు. నేను గూడ పదకొండున కుంట చూసి పోదామని వచ్చిన. సిద్దిరాములు బిళ్ళ అతికిచ్చిండు. కంపెనోళ్ళు గదా, ఒకరోజు ముందుగాల్నే పని కానిస్తున్నరు, ఎంత జల్దీ మనుషులు అనుకున్న. సోమవారం గూడ వచ్చిన, దాచను. గోడ అవతలనే నిలబడి పోయిన. లోపలికి రమ్మని ఒకాయన పిలిస్తే ఉరికిన.

ఇగ ఆ డిగ్రీ సంగతి. పాసై రెండేండ్లు దాటొద్దన్నరు. నాకు దాటలే బిడ్డా. పాసయితే గదా దాటేది. కమిటీకి ఈ మాట చెప్పకు, మళ్ళ ఫైలు తీస్తరు.

మంగళవారం వీరేందర్ సారు ఒక్క ప్రశ్న గూడ అడగలే. కుంట చుట్టూ నా వెనక నడిచిండు. ఈశాన్యం మూల నీళ్ళు చేతిల పట్టుకొని వాసన చూసిన. క్యాంటీన్ గిన్నెలు తోమిన నీళ్ళు ఇటు వస్తున్నయి, ఆ పైపు మలపాలె అన్న. ఆయన గూడ వంగి వాసన చూసిండు. మొఖం అదో రకం పెట్టి, “రేపటినుంచి రాగలవా?” అన్నడు. అంతే పరీక్ష. గోపురాలు లేవు, బొమ్మలు లేవు. కాని నాకు ఆ బుధవారం పరీక్షనే బాగనిపిచ్చింది. పిల్లలు మంచోళ్ళు. అశ్రితకు ఉద్యోగం వచ్చిందని సిద్దిరాములు చెప్పిండు. నిఖిల్‌కు గూడ వచ్చిందట. మంచిగయింది. వాటా పంచుడు మెల్లగ నేర్చుకుంటడు.

ఐలమ్మ ఏమన్లే. ఏమనకపోవుడు ఇదే మొదలు. పొద్దుగాల్ల డబ్బా కట్టి చేతిల పెట్టింది, అంతే. నీకు, మీ అమ్మకు మేం చెప్పేదంత ఒక ఉత్తరంల పట్టేది కాదు. ఒకసారి ఇంటికి రాండ్రి. వ్యానుల మాత్రం రాకుండ్రి.

నీ గౌరయ్య తాత.

తా.క.: నిన్న బుధవారం ఏడు గంటలకు పోయిన. సిద్దిరాములు రిజిస్టర్ల పేరు రాసుకున్నడు. నీళ్ళ కాడ ఇవి లేకుండ దిగొద్దని రబ్బరు బూట్లిచ్చిండ్రు. పెద్దగున్నయి. ఇడిచి ఒడ్డు మీద పెట్టి, నీళ్ళల్లకు దిగిన.